ముందు, తర్వాత

లాండ్రీ ఆయనకు వీధివాళ్లు పెట్టిన పేరు ‘ముందు-తర్వాత’. ప్రచారానికి మనిషిని పెట్టుకునే తాహతు లేదు కనుక ఆయన డప్పు ఆయనే కొట్టుకోవాలి. మరక పడిన బట్టను బల్ల మీద పరిచి, తడిచేతిని పొట్టకు తుడుచుకుని, మునివేళ్ల మీద లేచి ఒక ఫొటో తీస్తాడు. ఉతికి ఇస్త్రీ చేశాక ఇంకొకటి. రెండింటినీ పక్కపక్కన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, ఎవరైనా మెచ్చుకున్నారా అని ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా పదేపదే చూసుకుంటాడు. ఇంకెవరూ పలకకపోయినా, వెనకవీధి మాస్టారి నుంచి మాత్రం ‘శభాష్ నాయనా’ అని తప్పకుండా వస్తుంది.

ఆ ఉదయం మాస్టారి కోడలు వచ్చి, ఉతికిన బట్టలు అందుకోకుండా నిలబడిపోయింది.

“నిన్న మీరు పెట్టిన నీలి అంచు దుప్పటి మా మామయ్యగారిది. నిద్రలో పక్క తడుపుతున్నారని ఇంట్లో మేమే పైకి అనం.”

“ఎవరిదో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నానమ్మా.”

“ఆయనకు తెలిసింది కదండీ. రాత్రి మంచం ఎక్కనంటే ఎక్కనన్నారు. వట్టి నేల మీదే పడుకున్నారు.”

 లాండ్రీ ఆయన స్టేటస్ తీసేద్దామని ఫోన్ తెరిచాడు. ఒకపక్క పసుపు మరక, ఇంకోపక్క మల్లెపువ్వులాంటి దుప్పటి. వాటిని చూసి మాస్టారు పంపిన మాట, నిన్న తాను చదువుకుని మురిసిపోయిన మాట, ఇంకా అలాగే ఉంది:

‘శభాష్ నాయనా. కొత్తదానిలా చేశావు.’