అడిగి పెట్టుకున్న కిటికీ

మా పక్కింటివాడు మేడ మొదలుపెట్టిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఈ మాట అప్పట్లో ఇంకెవరైనా అని ఉంటే కొట్లాటకు పోయేవాణ్ణి. ఇప్పుడు నేనే చెబుతున్నాను. అది కుళ్ళు. పెద్ద పేర్లు పెట్టడానికి అందులో ఏమీ లేదు.

వాడూ నేనూ మార్కాపురంలో ఒకే వీధిలో, పక్కపక్క ఇళ్ళలో పెరిగాం. మా నాయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. వాళ్ళ నాయన పలకల ఫ్యాక్టరీలో లారీలకు లోడెత్తే మనిషి. మాది మిద్దె, వాళ్ళది ఖాళీ జాగాలో ఓ మూలకు రేకుల కొట్టం. లెక్కల్లో నాకు ఎప్పుడూ తొంభైకి తగ్గేవి కావు. వాడు పదో తరగతి గట్టెక్కిందే మా నాయన సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పడం వల్ల. అలాంటివాడు మా ఊరి రాతిని టైల్స్‌గా కోయించి, బెంగళూరు బంగళాల గోడలకు పంపించి, ఇంతవాడయ్యాడు. నేను ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళు మోసి రిటైరయ్యాను.

వాడింటి ముందు ఇసుక ట్రాక్టరు దిగితే నా గుండెల మీద దిగినట్టే ఉండేది. పైగా లిఫ్టు కూడా పెడుతున్నాడని తెలిసింది.

“రెండంతస్తులకు లిఫ్టేంది? కాళ్ళు లేవా వాడికి?” అన్నాను మా ఆవిడతో.

“వెలిగండ్ల నుంచి వాళ్ళత్తను తెచ్చుకుంటాండారంట. ఆమెకు మోకాళ్ళు సరిగా లేవు” అంది.

ఆ జవాబుకు ఇంకా ఒళ్ళు మండింది. మంచి కారణం ఉండటం కూడా నేను ఓర్చుకోలేకపోయాను.

మొదట మున్సిపాలిటీకి పోయి వాడి ప్లానులో తప్పేమైనా దొరుకుతుందేమోనని చూశాను. అంతా సవ్యంగా ఉంది. స్థలం చిన్నది కాబట్టి మా వైపు ఖాళీ వదలాల్సిన పని కూడా లేదట. ఆ సీట్లో ఉన్న పిల్లవాడు నన్ను ఎగాదిగా చూసి, “మీ ఇంటికి ప్లానుందా సార్?” అన్నాడు. మా నాయన కాలంలో ప్లానెక్కడిది? దారిలో ఎండ ఎక్కువగా ఉందని గొణుక్కుంటూ ఇంటికొచ్చాను.

అప్పుడు కంటపడింది కిటికీ. మా నడిమింట్లో వాళ్ళ జాగా వైపు తెరుచుకునే కిటికీ అది. అమ్మ పొద్దంతా దాని కిందే కూర్చుంటుంది. వేరుశనక్కాయలు ఒలుస్తుంది, పేపర్లో అక్షరం వదలకుండా చదువుతుంది. వాడి గోడ లేస్తే కిటికీకి జానెడు దూరంలో రాయి తప్ప ఏమీ కనిపించదు. అమ్మకు ఆ కాస్త వెలుతురూ పోతుంది. వీధిలో అందరికీ ఈ మాటే చెప్పాను. అబద్ధం కాదు గానీ, నాకు కావలసింది మాత్రం వాడి గోడ ఆగడం.

కోర్టు దగ్గర నాకు తెలిసిన వకీలు ఉన్నాడు. విషయం విని ఉత్సాహపడ్డాడు.

“ఇరవయ్యేళ్ళు ఎక్కడా తెగకుండా, బహిరంగంగా, కిటికీ గుండా వెలుతురు వాడుకోనుంటే ఆ వెలుతురు మీద నీకు హక్కు వస్తాదన్నా. వాళ్ళు అడ్డంగా గోడ కట్టి దాన్ని పోగొట్టేదానికి లేదు. మీ కిటికీకి ఎన్నేళ్ళు?”

“నలభై దాటినాయి.”

“ఇంకేంది మరి! అడిగి పెట్టుకున్నారా, అడక్కుండానా?”

నేను గర్వంగానే చెప్పాను. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. గోడ పగలగొట్టే ముందు నాయన పళ్ళెంలో తాంబూలం, టెంకాయ పెట్టించాడు. ఆ పళ్ళెం నేనే మోశాను. వాళ్ళ నాయన అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఉన్నాడు, ఒళ్ళంతా రాతిపొడి. మమ్మల్ని చూసి గాభరాగా లేచి, తువ్వాలుతో చేతులు రెండు మూడు సార్లు తుడుచుకొని గానీ పళ్ళెం అందుకోలేదు. “మీ జాగా పక్కకు కిటికీ పెట్టుకుంటాము, మీరు సరే అంటేనే” అన్నాడు నాయన. మా దగ్గర ఒకరి జాగా వైపు కన్ను తెరవాలంటే అలా అడగడం మర్యాద.

వకీలు పెన్ను కింద పెట్టాడు. “కొంప ముంచినావు కదన్నా. అడిగి పెట్టుకుంటే అది వాళ్ళిచ్చిన అనుమతి. అనుమతికి ఎన్నేళ్ళయినా హక్కు రాదు. మాదే అన్నట్టు, అడక్కుండా వాడుకున్నోళ్ళకే వస్తాది.”

“మర్యాదస్తుడికి లేని హక్కు మొరటోడికుందా?”

“చట్టం అట్ల ఉంది. అడిగినట్టు కాగితముందా?”

“లేదు. పెద్దోళ్ళిద్దరూ పోయినారు.”

“అయితే ఆ టెంకాయ సంగతి నేను వినలేదు, నువ్వు చెప్పలేదు” అన్నాడు.

నోటీసు తయారైంది. ‘సదరు కిటికీని మా వారు ఎవరి అనుమతీ కోరకుండా, హక్కుగా ఏర్పాటు చేసి’ అని రెండో పేరాలో ఉంది. నాయన పోయాక ఇల్లు అమ్మ పేరు మీదికి మార్చాం కాబట్టి సంతకం ఆమెది కావాలి. ఆమె కళ్ళద్దాలు వెతుక్కుంటుంటే, “నేను చదువుతాలేమ్మా” అని ఆ ఒక్క వాక్యం మింగేసి మిగతాదంతా చదివి వినిపించాను. కొడుకును నమ్మి సంతకం పెట్టింది.

నోటీసు అందిన మర్నాడు పక్కన పని ఆగింది. నాలుగు రోజులు మిక్సర్ చప్పుడు లేదు. ఆ నాలుగు రోజులూ నేను రెండోసారి అన్నం పెట్టించుకొని తిన్నాను.

అయిదో రోజు పొద్దున వాడొచ్చాడు. మేం చిన్నప్పటి నుంచీ బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళం. వాడి చేతిలో నోటీసు ఉంది. అమ్మ కిటికీ కింద కూర్చొని ఉంది.

“వెలుతురు కావాలంటే నోటితో చెప్పుండొచ్చు కద బావా. గోడ లోపలికి జరుపుకుంటా. మూడడుగులు వదుల్తా. అది కాదు నేనొచ్చింది” అంటూ కాగితం మడత విప్పి, రెండో పేరా మీద వేలు పెట్టాడు. “మీ నాయన మా నాయన్ను అడగలేదా?”

నేను కాగితం కోసం చెయ్యి చాపితే వాడు ఇవ్వలేదు.

“పళ్ళెం నువ్వే మోసుకొస్తివి. టెంకాయ మనిద్దరం పగలగొట్టుకొని తింటిమి. ఫ్యాక్టరీలో మా నాయన్ను పేరు పెట్టి పిలిచినోడు లేడు బావా, ఒరే అనేదే. మాస్టారొచ్చి నిలబడి, మీరు సరే అంటేనే అని అడిగినాడని, పోయేదాకా వచ్చినోళ్ళందరికీ చెప్పినాడు. మా పిల్లోళ్ళకు కూడా ఆ కత తెలుసు. అడగలేదని రాస్తావా?” వాడి వేలు ఇంకా ఆ పేరా మీదే ఉంది. “మూడడుగులు కాదు, ఆరడుగులైనా వదుల్తా. ఈ మాట మాత్రం కొట్టెయ్.”

“ఏం రాసినావురా?” అంది అమ్మ.

 ఆమే వాడి చేతిలోంచి కాగితం తీసుకొని, కళ్ళద్దాలు పెట్టుకొని, కిటికీ వైపు తిప్పి ఆ వెలుతురులోనే చదివింది. చివర తన సంతకం దాకా చదివింది.  కాగితం నా చేతికిచ్చి, మళ్ళీ శనక్కాయల చేట ఒళ్ళో పెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వాక్యం కొట్టేశాను. పక్కనే ‘అడిగి, వారు సరే అన్న తర్వాతే పెట్టుకున్నాము’ అని నా చేత్తో రాసి, అమ్మ చేత సంతకం పెట్టించాను. వాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. వకీలుకు ఫోన్ చేసి చెబితే, “చేతులారా కేసు చంపుకుంటివి. రేప్పొద్దున వాళ్ళ పిల్లలు అడ్డంగా గోడ కడితే అడిగేదానికి నీకు నోరుండదు” అన్నాడు. నిజమే. ఆ కిటికీ మీద మాకిప్పుడు ఏ హక్కూ లేదు.

మేడ లేచింది. మూడడుగులు వదిలాడు, వెలుతురు వస్తోంది, అమ్మ పేపరు చదువుతోంది. వాడి లిఫ్టును చూసినా ఇప్పుడు నాకేమీ అనిపించడం లేదు. మా నాయన గురించి పిల్లలకు చెప్పమంటే నాకు మార్కులు, బెత్తం తప్ప గుర్తు రావు. ఆ రోజు పళ్ళెం మోసింది నేను, ఆ రోజును దాచుకున్నది వాళ్ళు. మా నాయనలో మంచి భాగం పక్కింట్లో ఉంది. ఈ కుళ్ళు మాత్రం నాకింకా తగ్గలేదు.