మేకపోతు ఫైనల్

చింతపల్లి దగ్గర మా ఊళ్లో ఈ రోజు వాలీబాల్ ఫైనల్ జరిగింది. గెలిచిన జట్టుకు మేకపోతు బహుమతి. స్కూలు మాస్టారిని కాబట్టి స్కోరు రాసే పని నాకిచ్చారు.

ఏ ఊరి జట్టులో ఆ ఊరివాళ్లే ఆడాలని రూలు. మావాళ్లు విశాఖ నుంచి ఒక కాలేజీ ఆటగాణ్ని జీపులో తెచ్చి, మా బావమరిది పేరుతో దించారు. ఆ పేరు పుస్తకంలో రాసింది నేనే. అసలు బావమరిది గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు.

గెలిచాం. ఓడిన జట్టు కెప్టెన్ నా దగ్గరికి వస్తుంటే గొడవకే అనుకున్నాను.

"మాస్టారూ, ఆ విశాఖ గుంటడి ఫోన్ నంబరు ఇత్తారేటి? వచ్చే ఏడు మాకు కావాల" అన్నాడు.

ఇందాక మాంసంలో నా వాటా ఇంటికొచ్చింది. ముద్ద దిగలేదని ఇక్కడ రాద్దామనే ఫోన్ తీశాను. కానీ రెండోసారి కూడా వడ్డించుకున్నాను. మీరైతే తినకుండా ఉండేవారా?