సుగుణమ్మ పెట్టని బొటనవేలు

2022లో నేను మార్కాపురంలో ఒక ట్రస్టు వాళ్ల హెల్ప్‌లైన్‌లో నర్సుగా ఉన్నాను. పెద్దాసుపత్రుల్లో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకుని ఊళ్లకు తిరిగొచ్చిన ఆడవాళ్లను ఫోన్‌లో కనిపెట్టుకుని ఉండటం నా పని. దొనకొండ, గిద్దలూరు పల్లెల నుంచి ప్రతి చిన్న అనుమానానికీ వాళ్లు బస్సెక్కి రాలేరు. అంతమందికి ఫోన్ చేసే తీరిక నాకూ లేదు. అందుకని రోజు విడిచి రోజు వాట్సాప్‌లో పేరు పెట్టి పిలిచి వాయిస్ మెసేజ్ పంపేదాన్ని. జ్వరం ఉందా, కుట్లు ఎట్లా ఉన్నాయి, చెయ్యి ఎంతవరకు లేస్తోంది అని అడిగేదాన్ని. వ్యాయామం వీడియోలూ పెట్టేదాన్ని.

ఆ వ్యాయామం ఎందుకో చెప్పాలి. ఆపరేషన్‌లో చంక కింది గ్రంథులు కూడా తీసేస్తే ఆ చేతిలో నీరు చేరి వాచిపోవచ్చు. దాన్ని లింఫెడీమా అంటారు. గోడకెదురుగా నిలబడి వేళ్లను మెల్లగా పైకి పాకించాలి, ఆ చేత్తో బిందె మోయకూడదు, దెబ్బ తగలనివ్వకూడదు. అశ్రద్ధ చేస్తే భుజం బిగుసుకుపోతుంది. వాపు ఒకసారి ముదిరితే పూర్తిగా పోదు.

సుగుణమ్మది దొనకొండ దగ్గర పల్లె. నలభై అయిదేళ్లుంటాయి. మిరపకోతకు, పత్తి తీయడానికి కూలికి పోయే మనిషి, కుడిచేతి మీద బతుకు. ఆపరేషనూ కుడివైపే జరిగింది. భర్త ఏసోబు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నేను పంపిన ప్రతి మెసేజ్‌కూ సాయంత్రంలోపు బొటనవేలి బొమ్మ వచ్చేది. ఒక్కసారీ తప్పలేదు. మీటింగ్‌లో డాక్టరు గారితో, "సుగుణమ్మను చూసి మిగతావాళ్లు నేర్చుకోవాలి సార్" అని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మూడో నెలలో, డిశ్చార్జి కాగితం మీద రాసిన తేదీకి, భార్యాభర్తలిద్దరూ మా దగ్గరికి చెకప్‌కు వచ్చారు. ఆమె కుడిచెయ్యి వేళ్లదాకా ఉబ్బి ఉంది. ఎత్తమంటే భుజం దాకా కూడా లేవలేదు. నాకు నోరెక్కువ, కోపం ఇంకా ఎక్కువ. వరండాలో కూర్చున్న పదిమంది ముందే అందుకున్నాను.

"ఏందక్కా ఇది? నేను పెట్టిన వీడియో చూసినావా లేదా?"

"ఏం వీడియో అమ్మా?"

"మూడు నెలల్నించి గొంతు చించుకుంటున్నా. చెవిటోడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. వినేది లేనప్పుడు ఆ బొటనేలు ఎందుకు పెట్టినావు?"

ఆమె తల దించుకుంది. నేను ఆమె షీట్‌లో 'నాన్ కంప్లయంట్' అని రాసి కింద గీత గీశాను. చెప్పిన మాట వినని పేషెంటు అని అర్థం. ఆ ఒక్క మాట రాస్తే తప్పంతా పేషెంటు మీదికి పోతుంది, నర్సు మీదికి రాదు. అది తెలిసే రాశాను.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఏసోబు అప్పుడు ముందుకొచ్చాడు.

"దాన్నేం అనొద్దమ్మా. ఫోన్ నా దగ్గర ఉంటాది. ఆ ఏలు నొక్కింది నేనే."

"మరి ఆమెకు వినిపించలేదా అన్నా?"

"మొదటిది ఫ్యాక్టరీలో నొక్కినా. గట్టిగా మోగింది. సుగుణక్కా, రొమ్ము కుట్లు చీము పట్టినాయా అని మీరడిగినారు. పలకలు కోసేవాళ్లంతా ఇన్నారు. ఇద్దరు నవ్వినారు గూడా. నీ రోగం నలుగురి నోట్లో పడిందని దానికెట్ల చెప్పేది? అప్పట్నించి భయమేసి ఇంటికాడ గూడా ఒక్కటీ తెరవలా. జవాబియ్యకపోతే మీకు బాధ గదా అని ఏలు నొక్కతా వచ్చినా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటే అది పనికి పోయే మగవాడి జేబులో ఉంటుందని ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తెలియదా? మా ఇంట్లోనూ చాలాకాలం నాయన ఫోనే అందరి ఫోన్. నంబరు రాసుకున్నానే గాని అది ఎవరిదని ఒక్క మాట అడగలేదు. వాయిస్ మెసేజ్ అవతలివాళ్లు విన్నాక దాని మీది మైకు గుర్తు నీలంగా మారుతుంది. అక్కడే నా ఫోన్ తీసి చూశాను. మొదటిది తప్ప అన్నీ బూడిదరంగులోనే ఉన్నాయి. మూడు నెలలూ అవి నా కళ్లముందే ఉన్నాయి, నేను మాత్రం బొటనవేలే చూశాను.

సుగుణమ్మ భర్తను పల్లెత్తు మాట అనలేదు. "నాకొకసారి ఇనిపియ్యి" అని బెంచీ మీద కూర్చుంది. ఆయన ఒక్కొక్కటే నొక్కుతూ పోయాడు.

"సుగుణక్కా, జ్వరం ఏమన్నా ఉందా?" అని ఫోన్‌లోంచి నా గొంతు అడిగింది.

"వచ్చిందమ్మా, రెండు దినాలు" అని ఆమె ఫోన్‌కే జవాబు చెప్పింది.

"ఆ చేత్తో బిందె మోయొద్దక్కా."

"మోసినా తల్లీ. నాకెవురూ చెప్పలా."

నేను రెండడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాను. చివరికి నావైపు తిరిగి, "ఇన్ని తూర్లు అడిగినారా అమ్మా? నన్నెవురూ అడగలేదని ఏడ్చినా నేను" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, పడేదాన్ని.

షీట్‌లో నేను రాసిన మాట కొట్టేసి, 'సమాచారం పేషెంటుకు చేరలేదు, తప్పు నాది' అని సంతకం చేశాను. తిట్టింది వరండాలో అందరి ముందు. క్షమించమని అడిగింది మాత్రం లోపలి గదిలో, తలుపు దగ్గరగా వేసి. అదీ ఈనాటికీ సిగ్గే నాకు.

వాపు తగ్గడానికి బిగుతు కట్లు కట్టి, వ్యాయామం చేయించాక వాపు సగం తగ్గింది. చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. పత్తికి పోవడం మానేసింది. ఇంట్లో కూర్చుని ఎడమచేత్తో మిరపకాయల తొడిమలు తీస్తోంది.

ఇప్పుడు కొత్త పేషెంటు నంబరు రాసుకునే ముందు, ఈ ఫోన్ పగలు ఎవరి చేతిలో ఉంటుంది, మన మాటలు ఎవరు వింటే నీకు ఇబ్బంది అని అడుగుతాను. మొదటి మెసేజ్‌లో జబ్బు పేరెత్తను. బొమ్మలను జవాబు కింద లెక్కవేయను, ఆమె గొంతు వినాలి.

సుగుణమ్మ చిన్న ఫోన్ ఒకటి కొనుక్కుంది. నేను చేస్తే, నా నోటి వెంట మాట రాకముందే తనే, "బాగుండావా తల్లీ?" అని అడుగుతుంది. బాగున్నానని చెప్పడానికి నాకు ఇప్పటికీ కాస్త సమయం పడుతుంది.