చేతిలో ప్లగ్గు

“ప్లగ్గు యాడుందక్కా?”

“పీకి చేతిల పట్టుకున్న, భాయ్.”

మా ప్రింటర్ మెకానిక్‌తో నా ఆఖరి మాటలివి. దవాఖాన మంచం మీద నుంచి మాట్లాడిన ఆయన, అది విన్నాకే ఫోన్ పెట్టేశాడు.

భర్త పోయాక ఎనుమాముల మార్కెట్ కాంటా దగ్గర తూకం చీటీలు తీసే పని నాది. ఆ రోజు దుమ్ము దులుపుతుంటే పాత ప్రింటర్ లోపలి చిన్న స్విచ్చొకటి జరిగింది. చీటీల నిండా పిచ్చి గీతలే. బయట మిర్చి బండ్లు ఆగిపోయాయి.

“చేతగాకుంటే ఇంకొకర్ని పెట్టుకుంట,” అన్నాడు కాంటా సేటు. నేను భాయికి ఫోన్ చేస్తే, మూడో స్విచ్చు పైకి జరపమని చెప్పి ప్లగ్గు సంగతి అడిగాడు.

భాయి ఎప్పుడైనా ప్లగ్గు చేతికొచ్చాకే లోపల వేలు పెట్టేవాడు. స్విచ్చులు ఎట్లున్నవో ముందు అట్టముక్క మీద గీసుకునేవాడు. నాకు అక్షరాలు అంతంతే గానీ గీతలు వస్తాయి. నేనూ గీసుకుని, ఆయన చెప్పిన మూడోదాన్ని అగ్గిపుల్లతో పైకి జరిపాను. మళ్లీ కరెంటు ఇస్తే చీటీ సాఫుగా వచ్చింది.

భాయి ఆ వారమే పోయాడు. కాంటా దగ్గరి నా కుర్చీ నేను వదల్లేదు.

కోడలా, నేను చెప్తుంటే నువ్వు రాసింది చదివి వినిపియ్యి. ముందు ప్లగ్గు, తర్వాత గీత, ఆఖరికి స్విచ్చు: భాయి చెప్పిన ఈ వరుస తప్పితే మళ్ల రాయిస్త.