పాండ్రి మన్ను మోసినవాళ్లు

1998 డిసెంబరులో నన్ను ముద్ఖేడ్ దిక్కున గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఊరికి ట్రయల్ ట్రెంచ్ పని మీద పంపారు. అప్పటికి నేను నాందేడ్‌లో మా పురావస్తు ఉపకార్యాలయంలో సర్వేయర్‌ను. ట్రయల్ ట్రెంచ్ అంటే పూర్తి తవ్వకం కాదు. ఒక దిబ్బ కింద పాత ఊరు ఉందో లేదో తేల్చుకోవడానికి వేసే చిన్న కందకం. ఎక్కడ తవ్వాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించేది సహాయ సంచాలకులు కుల్‌కర్ణి సాబ్. చిల్లపెంకులకు కాలం కట్టే టెక్నికల్ అసిస్టెంట్ పోస్టు ఖాళీగా ఉండడంతో ఆ పనీ ఆయనే చూసేవారు. కొలతలు, మట్టాలు, పటం నా బాధ్యత.

నేను కాలేజీలో చదివి సర్వేయర్‌ను కాలేదు. కుర్రతనంలో నాందేడ్ మోంఢాలో, అంటే ధాన్యం బజారులో, పనిచేశాను. అక్కడ జొన్న రాశి చుట్టుకొలత, ఎత్తు చూసి ఎన్ని బస్తాలవుతుందో చెప్పడం అలవాటైంది. మట్టాలు చూసే డంపీ లెవెల్ పట్టుకోవడం, ఎత్తుపల్లాలు చూపే కాంటూర్లు గీయడం తర్వాత పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. ఆ ఊళ్లో చివరికి పనికొచ్చింది ఆ రాశుల లెక్కే.

ఆ ఊరి చివర నాలుగు మీటర్ల ఎత్తు దిబ్బ ఒకటి ఉండేది. దాన్ని గడీ దిబ్బ అనేవారు. నిజాం కాలంలో దేశ్‌ముఖ్ గడీ, అంటే కోటలాంటి మట్టిగోడల ఇల్లు, అక్కడుండేది. గడీ కూలి, వారసులు నగరానికి వెళ్లిపోయాక ఆ జాగా సర్కారు పరమైంది. దిబ్బ మన్ను తెల్లగా, బూడిద కలిపినట్టు ఉంటుంది. ఇలాంటి మన్నును మరాఠ్వాడాలో పాండ్రి అంటారు. మనుషులు తరతరాలు కాపురమున్న చోటే నల్లరేగడి అలా తెల్లబడుతుంది కాబట్టి పాండ్రి కనబడితే పాత ఊరు ఉందనుకోవడం మా వృత్తిలో మొదటి పాఠం. రెండేళ్ల ముందు ఉపరితల సర్వేకు వచ్చిన బృందం ఆ పాండ్రినీ, దాని మీద రాలి ఉన్న నలుపు-ఎరుపు చిల్లపెంకులనూ చూసి శాతవాహనుల కాలం నాటి ఆవాసం అని రాసింది. అలా ఆ దిబ్బ రక్షిత స్థలాల ప్రతిపాదనలోకి ఎక్కింది. రాసినవాళ్లను తప్పుపట్టలేం. పాత ఊరి దిబ్బల మీద గడీలు కట్టడం ఈ ప్రాంతంలో మామూలే.

చిక్కంతా ఆ దిబ్బ వాలు మీద ఉంది. అక్కడ పదకొండు కుటుంబాలకు ఘర్‌కుల్ అనే సర్కారు పథకం కింద ఇళ్ల జాగాలు ఇచ్చారు. అందరూ వెట్టి నుంచి విడుదలైనవాళ్లు. హైదరాబాద్ రాజ్యంలో దాన్ని భగేలా అనేవారు. తాత తీసుకున్న అప్పుకు మనవడు దొర ఇంట్లో గొడ్లు కాసేవాడు. 1976లో దేశమంతటికీ చట్టం వచ్చినా, ఈ కుటుంబాల చేతికి విడుదల సర్టిఫికెట్లు వచ్చేసరికి చాలా ఏళ్లు పట్టింది. సర్టిఫికెట్ తర్వాత జాగా, జాగా తర్వాత పునాది. గోడలు కిటికీ ఎత్తుకు లేచాయి. అప్పుడు తహసీల్ నుంచి పని ఆపమని నోటీసు వచ్చింది. దిబ్బ రక్షిత స్థలమైతే ఆ గోడలు తీసేయాలి. ఊళ్లో వేరే సర్కారు జాగా లేదు.

మేము జీపు దిగేసరికి ఆ సగం గోడల మీద జనం కూర్చుని ఉన్నారు. వాళ్లలో ముందుండి మాట్లాడేవాడు పోశెట్టి. నలభై ఏళ్లుంటాయి, తెలుగువాడే. నేను తెలుగు మాట్లాడతానని తెలియగానే కుల్‌కర్ణి సాబ్‌ను వదిలి నన్ను పట్టుకున్నాడు.

"ఏంది మోజణీ సాబ్, మా ఇండ్ల కింద రాజులు పన్నరంట?" అన్నాడు. మోజణీ అంటే మరాఠీలో కొలత. ఆ ఊళ్లో నా పేరు అదే అయింది.

ఇంకా తెలియదని, తవ్వితేనే తెలుస్తుందని చెప్పాను.

"ఉంటె లేపుండ్రి. ఇన్నేండ్లు మేమే లేసినం, ఒక్కనాడన్న ఆళ్లను లెవ్వనియ్యి" అన్నాడు. అందరూ నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు.

మొదటి కందకం దిబ్బకు ఉత్తరం వైపు వేశాం. పద్ధతి ఇది: ఒక స్థిర బిందువు నుంచి ప్రతి లోతునూ కొలుస్తాం. మట్టి రంగు, గట్టిదనం మారిన చోట పొర మారినట్టు గుర్తు పెడతాం. ఏ పొరలో దొరికింది ఆ పొర సంచిలోకే వెళ్లాలి. పాత ఊరైతే పొరలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు కనిపిస్తాయి. నేల అలికిన గీత, పొయ్యి, బూడిద, గుంజ పాతిన గుంట కనబడతాయి. ఇక్కడ అవేవీ లేవు. అడుగుదాకా ఒకటే తెల్లమన్ను, అందులో చిల్లపెంకులు అటూ ఇటూ చెదిరి ఉన్నాయి. పాతవి పైన, కొత్తవి కింద కూడా ఉన్నాయి. తెల్లమన్ను ముగిసే చోట, అన్నిటి కంటే అడుగున, నీలం పువ్వున్న చీనీ కప్పు, అంటే పింగాణీ కప్పు, ముక్క దొరికింది. దాని కింద మచ్చలేని నల్లరేగడి.

నాకు ప్రాణం లేచొచ్చింది. చీనీ కప్పు శాతవాహనులది కాదు కదా. కుల్‌కర్ణి సాబ్ మాత్రం ముక్కను అటూ ఇటూ తిప్పి, ఎలుక బొక్కలోంచి జారి ఉండొచ్చని, ఒక్క ముక్కను నమ్ముకుని ఒక స్థలాన్ని కొట్టేయలేమని అన్నారు. ఆయన మాట న్యాయమే. దక్షిణం వైపు రెండో కందకం వేశాం. అక్కడా పొరలు లేవు, అడుగున నల్లరేగడే. ఈసారి కప్పు ముక్క దొరకలేదు.

అంటే దిబ్బ మొత్తం ఎక్కడినుంచో తెచ్చి పోసిన మన్నులా ఉంది. ఎక్కడినుంచి, ఎవరు తెచ్చారన్నది తేలకపోతే అది మా అనుమానం మాత్రమే. నివేదికలో అనుమానాలకు చోటు లేదు.

పోశెట్టి తల్లి లచ్చవ్వ రోజూ వచ్చి కందకం అంచున కూర్చునేది. ఒక రోజు మేం జల్లెడ పడుతున్న చిల్లపెంకులను చూసి తనలో తాను నవ్వుకుంది. ఏమిటని అడిగాను.

"గా పెంకాసులను గంత పైలంగ దాస్తున్నరు సారూ. మా అత్త నెత్తిని గుచ్చి గుచ్చి సంపినయి గవ్వే."

కుల్‌కర్ణి సాబ్ చేతిలో పని ఆపి, ఆమె చెప్పేదంతా తెలుగు నుంచి మరాఠీలోకి చెప్పమన్నారు. గడీ గోడలు పెట్టేటప్పుడు ఏటి ఒడ్డున పాండ్రి తవ్వి ఆడవాళ్లు గంపల్లో మోశారట. వెట్టి కాబట్టి కూలి లేదు. పాండ్రి మన్ను గోడ వానకు తొందరగా కరగదని దేశ్‌ముఖ్ అదే కావాలన్నాడట. గోడలు మూరలకొద్దీ వెడల్పు. గడీ కూలినప్పుడు ఆ గోడలే దిబ్బ అయ్యాయి.

ఇదంతా నువ్వు చూశావా అని సాబ్ అడిగించారు.

"నేనేడ సూసిన? గప్పటికి నేను పుట్టనే లేదు. మా అత్త జెప్పింది" అంది ఆమె. తన నెత్తి మీద చెయ్యి పెట్టి చూపిస్తూ, "ఆమె నడినెత్తి మీద అరచెయ్యంత జాగల ఎంటికలే మొలవలె. గంప కుదురు పెట్టిన జాగ. గాడ నూనె రాసింది నేనే. అది సూసిన" అంది.

కుల్‌కర్ణి సాబ్ ఆమె మాటను నోటుబుక్కులో రాసుకున్నారు. తర్వాత మన్ను తవ్విన ఆ చోటు చూపించమన్నారు.

ఏటి ఒడ్డు ఎంతో దూరం లేదు. తుమ్మచెట్ల మధ్య మూడు పెద్ద గుంతలు. ఊరివాళ్లు వాటిని మన్నుగుంతలు అంటారు. మా సర్వే బృందం అటు రాలేదు. వచ్చినా వాన నీటి గుంతలనుకుని ఉండేది. ఒక గుంత అంచు నిలువుగా చెక్కి శుభ్రం చేస్తే పొరలన్నీ బయటపడ్డాయి. అలికిన నేల, దాని మీద బూడిద, మళ్లీ నేల, ఒక పొయ్యి. దిబ్బలో దొరికినలాంటి నలుపు-ఎరుపు పెంకులే ఇక్కడ వరుస తప్పకుండా ఉన్నాయి. పాత ఊరు ఇక్కడ ఉంది. గడీ దిబ్బ ఆ ఊరి మన్నే, మనుషుల నెత్తిమీద అక్కడికి చేరింది.

మిగిలింది కొలత. దిబ్బను జొన్న రాశిలాగే పటం మీద పొరలుగా కోసుకుని పరిమాణం కట్టాను. రెండు వేల నాలుగు వందల ఘనమీటర్లు వచ్చింది. గుంతలు మూడూ కలిపితే రెండు వేల పైచిలుకు. గోడల్లో రాయి, గడ్డి కలిసి ఉంటాయి. గుంతల్లో ఏటా వండ్రు పూడుతుంది. ఆ తేడా వివరించదగినదే. అక్కడితో ఆగకుండా గంపకు ఎంత మన్ను పడుతుందని లచ్చవ్వను అడిగి, మొత్తం ఎన్ని గంపలో లెక్క వేశాను. లక్ష దాటింది. ఆమెకు చెప్పాను.

"లెక్కగట్టి ఇప్పుడు కూలి ఇప్పిస్తవా ఏంది, బిడ్డా?" అంది. కందకంలోని కూలీలు పారలు వదిలి నవ్వారు. నేనూ నవ్వాను.

నివేదిక ముసాయిదాలో నేను "రెండు పరిమాణాలు సరిపోయాయి" అని రాశాను. కుల్‌కర్ణి సాబ్ దాన్ని కొట్టేసి "పొసగుతున్నాయి" అని దిద్దారు. కొలత ఒక్కటే దేన్నీ రుజువు చేయదని, రెండు కందకాలు, గుంత అంచు, ముసలామె మాట, కొలత కలిసి ఒకే వైపు చూపిస్తున్నాయని, అంతకు మించి ఒక్క మాట కూడా రాయొద్దని చెప్పారు. లచ్చవ్వ మాటను ఆమె పేరుతో సహా ప్రత్యేక పేరాగా చేర్చారు. గడీ దిబ్బను ప్రతిపాదన నుంచి తీసేయాలని, మన్నుగుంతల ఒడ్డును దాని బదులు చేర్చాలని సిఫారసు చేశారు.

ఆ నివేదిక పైకి వెళ్లి తిరిగొచ్చేదాకా రోజూ ఆఫీసు టపా నేనే ముందు విప్పి చూసేవాణ్ణి. పై అధికారులు మూడో కందకం అడిగితే వానాకాలం దాటేది, కప్పులేని పచ్చిగోడలు వానకు నిలిచేవి కావు. అడగలేదు. ఎండాకాలం మొదట్లో తహసీల్ ఆపుదల ఎత్తేసిందని కబురు వచ్చిన రోజు, బస్సులో ఆ ఊరికి వెళ్లాను. ఆఫీసు పనేమీ లేదు. పోశెట్టి గోడ మీద నిలబడి ఇటుక అందుకుంటున్నాడు.

"రాజులు ఖాళీ జేసి పోయిండ్రు, మోజణీ సాబ్!" అని పైనుంచే అరిచాడు. ఈసారి అతనూ నవ్వాడు.

లచ్చవ్వ గుమ్మం ముందు దిబ్బ మన్ను పిసుకుతోంది. దాంతో గోడ మెత్తుకోవచ్చా, మళ్లీ నోటీసు వస్తదా అని అడిగింది. దిబ్బ ఇప్పుడు మా శాఖ పరిధిలో లేదని, నిక్షేపంగా మెత్తుకోవచ్చని చెప్పాను.

ఆ ఉద్యోగంలో ఇంకా చాలా ఏళ్లున్నాను. దొరికిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు అని ఆ పని నాకు నేర్పింది. మా స్థల పరిశీలన పత్రంలో మన్ను రంగుకు, పెంకుల రకానికి, దిబ్బ ఎత్తుకు గడులున్నాయి. ఆ మన్ను అక్కడికి ఎలా వచ్చిందో రాసే గడి లేదు. ఆ తర్వాత పాండ్రి దిబ్బ ఎక్కడ కొలిచినా, టేపు పరచకముందే ఊళ్లో ముసలివాళ్ల దగ్గర కూర్చుని, ఈ మన్ను ఎవరు మోశారని అడిగేవాణ్ణి. చాలా చోట్ల ఎవరూ మోయలేదనే చెప్పేవారు. అది కూడా రాసుకునేవాణ్ణి.