పేరంటంలో నీలం చెప్పు

పోయిన శ్రావణంలో మావారు పనిచేసే బట్టల షాపు ఓనరు భార్య సుజాత గారు వరలక్ష్మి వ్రతానికి పిలిచారు. వాళ్లది ఆబిడ్స్‌లో పెద్ద ఫ్లాటు, మాది నాంపల్లి. వాన పడి రోడ్డంతా నీళ్లు. అందుకని పట్టుచీరకు నీలం హవాయి చెప్పులే దిక్కయ్యాయి. పైగా ఒకదానికి పిన్నీసు.

వాళ్ల గుమ్మం ముందు అన్నీ రాళ్లు పొదిగిన చెప్పులే! నావి గబుక్కున పూలకుండీ వెనక దాచేసి, లోపల వజ్రాల నెక్లెసుల మధ్య ముడుచుకుని కూర్చున్నాను.

సుజాత గారు వాయనం ఇస్తుండగా వాళ్ల బొచ్చుకుక్క బయటి నుంచి దర్జాగా వచ్చింది. దాని నోట్లో నా చెప్పు! తిన్నగా తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టి తోకాడించింది.

"గిదేంది, పూజ కాడ చెప్పు! ఎవరిదమ్మా?" అని ఒకావిడ అరిచింది. మావారి ఉద్యోగం కళ్ల ముందు మెదిలింది. "నాదేనండీ" అన్నాను, లేచి నిలబడి.

సుజాత గారి అత్తగారు మాత్రం పకపకా నవ్వారు. "దాని తప్పేముంది? మా కోడలు ఇంట్ల గసొంటివే ఏస్కుంటది. రోజూ ఈ కుక్కనే గవి తెచ్చిస్తది. ఇయ్యాల మీరు వస్తున్నరని కోడలు గవి మంచం కింద దాచింది!"

"జర ఊకో అత్తమ్మా!" అంటూ సుజాత గారు ఎర్రబడ్డారు. తర్వాత నా చెప్పుకేసి చూసి తనూ నవ్వేశారు. "నాదానికి రెండు పిన్నీసులున్నయి."

ఇప్పుడు ఎక్కడ వజ్రాలు తళుక్కుమన్నా నేను బెదరను. వీళ్ల మంచం కింద ఏముందో అనుకుంటాను.