అందింది తమ్ముడూ

ఆసుపత్రి మూడో అంతస్తులో, చివరి గదిలో కూర్చునే ఆయన మొహం రోగులెవరూ ఎరగరు. "మీ రిపోర్టు సిద్ధమైంది" అంటూ వాటంతటవే వెళ్లే ఈమెయిళ్లు ఏ చిరునామా నుంచి వెళ్లాలో సాఫ్ట్‌వేర్‌లో పెట్టడం ఆయన పని. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తెర మీద ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదువుతాడు, చిన్నప్పుడు అక్క నేర్పినట్టే. ఏది మార్చినా ముందు అక్కకే పంపి చూస్తాడు. రెండు వీధుల అవతల బట్టలు కుట్టే అక్క మిషన్ ఆపి, "ట్రయల్ తొమ్మిది" అని తప్ప మరేమీ లేని ఆ మెయిలుకి కూడా "అందింది తమ్ముడూ, తిన్నావా" అని జవాబు రాస్తుంది. పదకొండేళ్లుగా ఇదే వరస.

మొన్న పైఅధికారి, జవాబులు చదివే తీరిక ఎవరికుందయ్యా, జవాబులు తీసుకోని చిరునామా పెట్టేయమన్నాడు. ఈయన పెట్టేసి, అలవాటుగా అక్కకు పంపాడు. గంట తిరక్కుండా అక్క ఆయన గది గుమ్మంలో నిలబడి ఉంది, మెడలో కొలతల టేపుతో, ఆయాసపడుతూ.

"అందిందిరా. నా జవాబే వెనక్కొచ్చేసింది. నువ్వు ఎదురుచూస్తుంటావని వచ్చాను."

లిఫ్టు రెండ్రోజులుగా పనిచేయడం లేదు. ఆయన అక్కకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చాడు. తెర మీద, రేపు మెయిళ్లు వెళ్లాల్సిన కీళ్లనొప్పుల వాళ్ల జాబితా ఉంది. కాసేపు దాన్నే చూసి, జవాబులు చేరాల్సిన చోట తన చిరునామా టైపు చేసి, మళ్లీ ఒక ట్రయల్ పంపాడు.

పక్కనే కూర్చున్న అక్క ఫోను తీసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాయసాగింది. ఆయన తెర వైపే చూస్తూ ఎదురుచూశాడు.